సింహానికి ఎంత దూరంలో: మసాయి మారా సందర్శనపై ఒక సంవాదం

కెన్యా దేశపు నైరుతి మూలన, టాంజానియా సరిహద్దును ఆనుకొని 1,510 చదరపు కిలోమీటర్ల మేర పరచుకొన్న గడ్డిమైదానానికి మసాయి మారా జాతీయ రిజర్వు అని పేరు. 1961లో చిన్న వన్యప్రాణి ఆశ్రయంగా మొదలై, 1974లో జాతీయ రిజర్వు హోదా పొంది, 1984లో కొంత నేలను చుట్టుపక్కల పశుపాలకులకు విడిచిపెట్టి ఇప్పటి హద్దులకు చేరిన ఈ ప్రాంతం కేంద్ర ప్రభుత్వపు వన్యప్రాణి శాఖ చేతిలో కాక, నారోక్ కౌంటీ అనే స్థానిక ప్రభుత్వం అధీనంలో ఉంటుంది. దక్షిణాన దీనిని ఆనుకొనే 14,763 చదరపు కిలోమీటర్ల సెరెంగెటి జాతీయవనం టాంజానియాది. ఈ రెండింటి నడుమ కంచె లేదు. గడ్డం, వంపు కొమ్ములు, గుర్రపు తోక గల వైల్డబీస్ట్ అనే మేత జంతువులు సుమారు 13 లక్షలు, వాటితోపాటు లక్షల సంఖ్యలో జీబ్రాలు, చిన్న జింకలు, వానలను వెంబడిస్తూ ఏటా ఈ రెండు దేశాల మధ్య ఒక చుట్టు తిరుగుతాయి. జూలై నుంచి అక్టోబరు దాకా ఆ మంద మారా వైపు ఉంటుంది గనుక సందర్శకుల తాకిడి కూడా అప్పుడే ఎక్కువ. తెలుగు రాష్ట్రాల నుంచి బయలుదేరే యాత్రికులు కూడా చాలావరకు ఆ నెలలనే ఎంచుకొంటున్నారు.

ఇంత ఖర్చు పెట్టి, పైకప్పు తెరచిన జీపులో నిలబడి సింహాన్ని కొద్ది గజాల దూరం నుంచి చూడటం సబబేనా అన్న ప్రశ్నపై ఇద్దరి వాదాలు ఇక్కడ పొందుపరచబడినాయి. ఒకరు ఉద్యోగ విరమణ చేసిన ప్రాణిశాస్త్ర ఆచార్యుడు, మరొకరు ఆయన కన్న చిన్నదై, ఆఫ్రికా చరిత్ర బోధించే అధ్యాపకురాలు. ఇద్దరూ సంవాదం కోసం కల్పించిన పాత్రలే గాని, వారు ఉదహరించే విషయాలు కల్పితాలు కావు.

ఆచార్యుడు: వన్యమృగాన్ని బోనులో చూడటానికీ దాని నేల మీదనే చూడటానికీ ఉన్న తేడా వినోదానికి సంబంధించినది కాదమ్మా, జ్ఞానానికి సంబంధించినది. జంతుప్రదర్శనశాలలో జీబ్రా గడ్డి తింటుందని మాత్రమే తెలుస్తుంది. మారాలో ఏ గడ్డిలో ఏ భాగాన్ని ఎవరి తరువాత ఎవరు మేస్తారో కంటికి కనబడుతుంది. గడ్డి ఏపుగా పెరిగి ముదిరినప్పుడు ముందుగా జీబ్రాలు వచ్చి ముతక కాడలను మేసిపోగా, వెనుక వచ్చే వైల్డబీస్టులు మధ్యనున్న ఆకును అందుకొంటాయి, ఆ మేతతో నేల తేరిన చోట మొలిచే లేత చిగుళ్లను థామ్సన్ గజెల్ అనే చిన్న జింకలు కొరుకుతాయి. రిచర్డ్ బెల్ అనే శాస్త్రజ్ఞుడు 1971లో వివరించిన ఈ మేతవరుసను పుస్తకంలో చదివి ఒప్పుకోవడం వేరు, ఒక ఉదయమంతా కూర్చుని చూసి గ్రహించడం వేరు. ఇక దగ్గరితనం సంగతి: కెన్యాలో 1977 నుంచి వేట నిషిద్ధం, కాబట్టి అక్కడి సింహానికి వాహనం వల్ల ఆపదా లేదు, ఆహారమూ లేదు. హానీ లాభమూ చేయని వస్తువు పదేపదే ఎదురైతే ప్రాణి దానికి స్పందించడం మానివేస్తుంది; దీనినే ప్రాణిశాస్త్రంలో అలవాటుపడటం అంటారు. అలవాటుపడిన సింహం వాహనం పక్కనే తన పని తాను చేసుకొంటుంది. ఆ వాహనం నుంచి మనిషి కాలు కింద పెట్టాడా, అదే సింహం లేచి తప్పుకొంటుంది, లేదా మీదికి వస్తుంది.

అధ్యాపకురాలు: ఆ మైదానం మనుషులు లేని నేలగా సందర్శకుడికి కనబడుతున్నది, మాస్టారూ, అది ఎలా ఖాళీ అయిందో మీ మేతవరుస చెప్పదు. బ్రిటిష్ వలస ప్రభుత్వం 1904లో, మళ్ళీ 1911లో పశుపాలకులైన మసాయిల చేత ఒప్పందాలు చేయించి, రిఫ్ట్ లోయలోనూ లైకిపియాలోనూ ఉన్న మంచి పచ్చిక నేలలను తెల్లవారి కమతాలకు ఇచ్చి, వారిని దక్షిణానికి తరిమింది. మారా ఆ దక్షిణపు నేలలో భాగం. సరిహద్దు అవతల 1951లో సెరెంగెటి జాతీయవనం ఏర్పడినప్పుడు మసాయిలు లోపలే ఉన్నారు. 1958లో వారి పెద్దల నుంచి ఒప్పుదల పత్రం తీసుకొని, 1959లో పక్కనున్న గొరొంగొరో ప్రాంతానికి పంపించారు. అక్కడ జంతువుల ప్రయోజనానికీ మనుషుల ప్రయోజనానికీ పొత్తు కుదరని పక్షంలో మనుషులకే పెద్దపీట వేస్తామని బ్రిటిష్ గవర్నరు మాట ఇచ్చాడు. ఆ మాట ఇచ్చిన నేలలోనే 1975లో వ్యవసాయాన్ని నిషేధించారు. 2022 జూన్‌లో, సెరెంగెటి తూర్పు అంచున ఉన్న లోలియొండోలో 1,500 చదరపు కిలోమీటర్లను పశువులకు మూసివేయడానికి హద్దురాళ్లు పాతినప్పుడు పోలీసులకూ మసాయిలకూ ఘర్షణలు జరిగాయి. సెరెంగెటి చావకూడదని ప్రపంచానికి చాటిన బెర్న్‌హార్ట్ గ్జిమెక్ అనే జర్మన్ జంతుశాస్త్రజ్ఞుడి చిత్రం వచ్చినదీ మసాయిలను తరలించిన ఆ 1959లోనే, ఆ చిత్రానికి ఆస్కార్ కూడా దక్కింది. అందులో బతకవలసినవి జంతువులు, తప్పుకోవలసినవారు పశుపాలకులు. నల్లమలలో చెంచు గూడేలను పులుల రిజర్వు వెలుపలికి తరలించాలన్న వాదన విన్న తెలుగు పాఠకుడికి ఈ ధోరణి కొత్తది కాదు.

ఆచార్యుడు: జరిగిన అన్యాయాన్ని కాదనేవారు లేరు. అయితే అప్పుడు తప్పు చేసినవారిది తప్పుగానీ, ఇప్పుడు వెళ్ళి చూసేవాడిది తప్పు ఎలా అవుతుంది? పైగా ఆ నేల మేత జంతువుల సహజ ఆవాసం అన్నది నిజమే కదా.

అధ్యాపకురాలు: సహజం అన్న మాటే అక్కడ నిలవదు. నారోక్ ప్రాంతంలో సుమారు 1,500 నుంచి 3,700 ఏళ్ల కిందటి పశుపాలకుల దొడ్లను తవ్వి పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2018లో నేచర్ పత్రికలో ఒక విషయం బయటపెట్టారు: రాత్రిపూట మందలను కట్టివేసిన చోట పేరుకొన్న పేడ వల్ల నేలలో భాస్వరం, నత్రజని, కాల్షియం పెరిగి, దొడ్డి పాడుపడిన వేల ఏళ్ల తరువాత కూడా అక్కడ గడ్డి మిగిలిన నేల కంటే పుష్టిగా ఉన్నది; అడవి మేత జంతువులు ఆ పచ్చని వలయాలకే చేరుతున్నాయి. అంటే యాత్రికుడు ఫోటో తీసుకొనే గజెల్ మేస్తున్నది ఎప్పటిదో ఒక పశుపాలకుడి పేడ ఎరువు. ఇంకొకటి: 1890లలో రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి తూర్పు ఆఫ్రికాను ఊడ్చివేసింది. ఇటలీ సైన్యం 1887 ప్రాంతంలో భారతదేశం నుంచి ఎర్ర సముద్రపు తీరానికి తెచ్చిన పశువులతో అది ఆ ఖండంలో పాదం మోపిందని చరిత్రకారులు భావిస్తారు. ఆవులు చచ్చాయి, ఆవులపై బతికే మసాయిలు కరవుతో చచ్చారు, మేపు తగ్గిన చోట పొదలు కమ్ముకొన్నాయి. ఆ శూన్యాన్ని చూసిన ఐరోపావారు అది ఆదినుంచీ నిర్జనమని రాసుకొన్నారు.

ఆచార్యుడు: అదే రిండర్‌పెస్ట్ కథలో మిగిలిన సగం కూడా చెప్పాలి. ఆ వ్యాధి పశువుల నుంచి వైల్డబీస్టులకు కూడా సోకి దూడలను చంపుతూ ఉండేది. 1950ల చివర నుంచి సెరెంగెటి చుట్టుపక్కల పశువులకు టీకాలు వేయగా, వ్యాధి అడవి మందలలో దానంతట అదే ఆరిపోయి, 1960ల మొదట్లో సుమారు రెండున్నర లక్షలుగా ఉన్న వైల్డబీస్టులు 1970ల చివరికి 13 లక్షలకు చేరాయి. చివరకు 2011లో ఆ వ్యాధి ప్రపంచం నుంచే తొలగిపోయినట్లు ప్రకటించారు. కాబట్టి మహా వలస అని పేరుపడిన దృశ్యం పశుపాలకుల పశువుకు వేసిన సూది మందు ఫలం అని ఒప్పుకోవడానికి ప్రాణిశాస్త్రానికి అభ్యంతరం లేదు. ఆ దృశ్యాన్ని చూడటం మాత్రం దోషం ఎందుకవుతుందో ఇంకా తేలలేదు.

ఇక్కడికి చరిత్ర విషయంలో అధ్యాపకురాలి మాట నెగ్గిందనే చెప్పాలి. ఆచార్యుడు ఆమె వాదాన్ని ఖండించకుండా దానికి తన వంతు చేర్చుకోవడమే అందుకు నిదర్శనం. అయితే నేల చరిత్ర మలినమైనంత మాత్రాన దానిని చూడరాదనడం బలహీనమైన తర్కం, ఎందుకంటే ఆ లెక్కన చూడదగిన కోట గాని గుడి గాని భూమి మీద మిగలదు. ఆ సంగతి గ్రహించినట్లుగా ఆమె వాదాన్ని నేల మీది నుంచి జంతువు మీదికి మళ్ళించింది.

అధ్యాపకురాలు: దోషం తేలాలంటే చీతా సంగతి చూడండి. చిరుతకన్న సన్నగా, పొడవైన కాళ్లతో, పరుగుకే పుట్టిన ఈ జంతువు రాత్రిపూట సింహాలకూ హైనాలకూ వెరచి ఎక్కువగా పగటిపూట వేటాడుతుంది. సందర్శకుల జీపులు తిరిగేదీ సరిగ్గా ఆ వేళల్లోనే. మారాలోని ఆడ చీతాలను కొన్ని ఏళ్లు పరిశీలించి ఫెమ్కే బ్రూఖైస్ అనే పరిశోధకురాలు 2018లో ప్రచురించిన లెక్క ప్రకారం, సందర్శకులు తక్కువగా ఉన్న చోట ఒక ఈతలో సగటున 2.3 పిల్లలు పెరిగి స్వతంత్రంగా బతికే దశకు చేరగా, సందర్శకులు ఎక్కువగా ఉన్న చోట 0.2 మాత్రమే చేరాయి. ఒక్క చీతా కనబడితే డ్రైవర్లు రేడియోలో పిలుచుకొంటారు, క్షణాలలో జీపులు వలయం కడతాయి. పొడవైన గడ్డిలో నక్కి జింక వైపు పాకుతున్న తల్లి లేచి వెళ్ళిపోతుంది. తప్పిపోయిన వేట పిల్లలకు తప్పిపోయిన పాలు.

ఆచార్యుడు: ఆ అధ్యయనాన్ని కొట్టివేయడం సాధ్యం కాదు. అయితే అది రెండు రకాల చోట్లను పోల్చిన పరిశీలన మాత్రమే, ప్రయోగం కాదు; పిల్లలు ఏ విధంగా చనిపోయాయో ఆ లెక్క నేరుగా చూపలేదు. సందర్శకుల గొడవ అంతగా లేని రోజుల్లో సెరెంగెటి మైదానాల్లో జరిపిన మరొక అధ్యయనంలో కూడా నూరు చీతా పిల్లలలో ఐదు సైతం బతికి బట్టకట్టలేదు, ఎక్కువ వాటిని సింహాలే చంపాయి. అయినా, ఇరవై జీపులు చుట్టుముట్టడం శాస్త్రం కాదు, తిరనాళ్ల తొక్కిడి. దానిని సమర్థించే ఉద్దేశం ఇక్కడ లేదు. అన్నట్టు, చీతా జీపు ముందుభాగం ఎక్కి కూర్చున్న ఫోటోలను చూసి అది స్నేహమని మురిసేవారు తెలుసుకోవలసిందేమంటే, చెదపుట్ట ఎక్కి మైదానాన్ని పరికించే అలవాటు దానిది, జీపు దానికి ఇంకొంచెం ఎత్తైన చెదపుట్ట.

అధ్యాపకురాలు: నది దాటే చోట కూడా ఇదే తీరు కదా. మారా నది ఒడ్డున మంద గంటల తరబడి వెనకాడుతూ నిలబడి ఉంటే, దిగే దారికి అడ్డంగా వాహనాలు బారులు తీరుతాయి. మునిగి చచ్చేవాటిని చూసి కన్నీరు పెట్టడానికే జనం అంత దూరం పోతున్నారా?

ఆచార్యుడు: మునగడం మాత్రం వాహనాలతో మొదలైనది కాదమ్మా. ఏటా సగటున 6,250 వైల్డబీస్టులు ఆ నదిలో మునిగి చనిపోతాయని 2017లో ప్రచురితమైన పరిశోధన లెక్కకట్టింది. మొత్తం మందలో అది నూటికి ఒకటి కూడా కాదు. వాటి మాంసం మొసళ్లకు, రాబందులకు, మారబూ కొంగలకు, చేపలకు కొన్ని వారాల తిండి అయితే, ఎముకలు ఏడేళ్లపాటు మెల్లగా కరుగుతూ నదికి భాస్వరాన్ని అందిస్తాయి. ఒడ్డున నిలబడి ఏడ్చేవారికి ఈ సంగతి చెప్పే మార్గదర్శి దొరికితే వారి ప్రయాణం సార్థకమవుతుంది. దారి మూసే డ్రైవరుకు జరిమానా వేయవలసిందే. కాని డ్రైవరును అలా తరిమేది వెనుక కూర్చున్నవారి బక్షీసు ఆశ అని మరచిపోరాదు. ఇక దగ్గరితనం సంగతికి వస్తే, జంతువులు కూడా మనుషులను తూకం వేస్తాయి. కెన్యా దక్షిణపు అంబోసెలిలో సింథియా మాస్ 1972 నుంచి సాగిస్తున్న ఏనుగుల పరిశీలనకు అనుబంధంగా, 2014లో ప్రచురించిన ప్రయోగంలో ఏనుగులకు మనుషుల గొంతులను వినిపించారు. అప్పుడప్పుడు తమను ఈటెలతో పొడిచే మసాయి పురుషుల గొంతు విన్నప్పుడు అవి గుమిగూడి వెనక్కు తగ్గాయి. వ్యవసాయదారులైన కాంబా పురుషుల గొంతుకు గాని, మసాయి స్త్రీల, బాలుర గొంతులకు గాని అంతగా బెదరలేదు. ఏ మనిషి వల్ల హాని కలుగుతుందో, ఏ మనిషి వల్ల కలగదో వాటికి తెలుసు.

అధ్యాపకురాలు: ఆ ప్రయోగం మీ పక్షానికన్న ఈ పక్షానికే ఎక్కువ పనికి వస్తుంది, మాస్టారూ. ఏనుగు మసాయి పురుషుడికి వెరవడమే ఇరువురూ ఒకే నీటిగుంట దగ్గర తరతరాలుగా బతకగలగడానికి కారణం. ఆ భయం ఇద్దరి మధ్య గోడలేని హద్దు. వాహనానికి వెరవకూడదని ఏనుగుకు నేర్పేది సందర్శకుడు, దాని ఫలితం అనుభవించేది పశువుల కాపరి. సింహం రాత్రి దొడ్డి దూకి ఆవును ఈడ్చుకుపోతే నష్టం అతనిదే. 2015 డిసెంబరులో టెలివిజన్ ద్వారా ప్రపంచమంతా పేరు తెలిసిన మార్ష్ ప్రైడ్ అనే సింహాల గుంపులో కొన్నిటికి విషం పెట్టింది ఆవులు పోగొట్టుకొన్న కోపంతోనే. చచ్చిన సింహానికి ప్రపంచం కన్నీరు కార్చింది గాని, చచ్చిన ఆవును తలచినవారు లేరు. సందర్శకుడి డబ్బు చేరేది కౌంటీ ఖజానాకు, హోటలు యజమానికి. కనుక వెళ్ళకపోవడమే మర్యాద.

ఆచార్యుడు: అందరూ వెళ్ళకుండా ఉంటే ఆ నేల మసాయి చేతికి తిరిగి వస్తుందన్నది మీ ఆశ. అది గోధుమ చేతికి పోతుందని మారా చరిత్రే చూపుతుంది. రిజర్వుకు ఉత్తరాన ఉన్న లోయిటా మైదానాలు కెన్యావైపు వైల్డబీస్టులు ఈనే చోటు. వాటిని యంత్ర వ్యవసాయదారులు కౌలుకు తీసుకొని దున్నగా, 1977లో సుమారు 1,19,000 ఉన్న ఆ స్థానిక మంద 1997 నాటికి సుమారు 22,000కు పడిపోయింది. సరిహద్దుకు ఇరువైపులా ఒకే జాతి మనుషులు, ఒకే జాతి పశువులు, ఒకే వాన. అయినా క్షీణత కెన్యావైపే ఎక్కువ. పశుపాలన గాని జనాభా గాని కారణం కాదని, భూమి ప్రైవేటు ఆస్తిగా మారి గోధుమ కౌలుకు పోవడమే కారణమని 2001లో రెండు వైపులనూ పోల్చిన పరిశోధన తేల్చింది. అది మీ వాదానికి బలమే, మసాయి ఆవును నిర్దోషి చేసింది. కాని చిక్కు కూడా అదే. 1977 నుంచి 2016 లోపల కెన్యా మొత్తం మీద పెద్ద వన్యప్రాణుల సంఖ్య సగటున 68 శాతం తగ్గింది. ఆ దేశపు వన్యప్రాణులలో మూడింట రెండు వంతులు రిజర్వుల వెలుపలే, ప్రైవేటు, సామూహిక నేలల మీదనే తిరుగుతాయి. సింహం కన్న గోధుమ ఎక్కువ కౌలు ఇస్తే సింహం పక్షాన నిలబడమని పేద రైతుకు చెప్పే హక్కు ఎవరికి ఉంది?

అధ్యాపకురాలు: సింహమే కౌలు కట్టాలి అంటారా?

ఆచార్యుడు: కడుతూనే ఉంది. 1968 చట్టం కింద ఏర్పడిన గుంపు కమతాలు తరువాత ఒక్కొక్కరికి సుమారు 150 ఎకరాల చొప్పున విడిపోగా, ఆ ముక్కలను పక్కపక్కన చేర్చి, కంచె వేయకుండా, దున్నకుండా ఉంచినందుకు భూయజమానులకు నెలనెలా కౌలు ఇచ్చే ఏర్పాటు పుట్టింది. దీనిని కన్సర్వెన్సీ అంటారు. 2006లో ఒలారే ఒరోక్, 2010లో సుమారు 500 మంది భూయజమానులతో నబోయిషో ఈ విధంగా ఏర్పడ్డాయి. ఇప్పుడు ఇవన్నీ కలిపి రిజర్వుతో దాదాపు సమానమైన నేలను కాపాడుతున్నాయి. ఇక్కడ గుడారాల సంఖ్యకు ఎకరాల లెక్కన పరిమితి ఉంది, ఒక జంతువు దగ్గర ఐదు వాహనాలకు మించి నిలవనివ్వరు. చీతా పిల్లలు ఎక్కువగా బతికిన చోట్లు కూడా ఇలాంటి తక్కువ రద్దీ నేలలే. 2020లో కోవిడ్ వల్ల విమానాలు నిలిచిపోయినప్పుడు చాలా కన్సర్వెన్సీలలో కౌలు తగ్గింది. వెళ్ళకపోవడం అంటే ఏమిటో ఆ ఏడాది ఆ ఇళ్లకు తెలిసింది.

అధ్యాపకురాలు: ఆ కౌలుకు కూడా మెలిక ఉంది. పట్టాలు చాలావరకు మగవారి పేరనే ఉన్నాయి గనుక ఆడవారికి ఆ డబ్బు నేరుగా అందదు. పట్టా లేని కుటుంబానికి అసలే అందదు. కౌలు నేలలో పశువులను ఎప్పుడు, ఎక్కడ మేపాలో గుడారాల యజమానులతో కలిసి నిర్ణయించుకోవలసి వస్తుంది. తన నేలలో తన ఆవును అడిగి మేపుకోవడం స్వాతంత్ర్యం కాదు. అయినా గోధుమకన్న, కంచెకన్న ఇది మేలన్న మాట కాదనలేనిది. ఒక్క షరతు: దగ్గరితనాన్ని అమ్మడం మానాలి.

ఆచార్యుడు: ఆ షరతు మీద పేచీ లేదు. దూరాన నిలబడి దూరదర్శిని పెట్టుకొని ఒక గంట చూసినవాడు, ఐదు గజాల్లో ఐదు నిమిషాలు నిలిచినవాడికన్న ఎక్కువ చూస్తాడు.

ఆచార్యుడి వాదంలో బలం డబ్బుకు సంబంధించినది, జ్ఞానానికి సంబంధించినది కాదు. ఆయన మొదట చెప్పిన జ్ఞానప్రయోజనం నిజమే అయినా, ఏటా మారాకు పోయే లక్షలమందిలో మేతవరుస గమనించి వచ్చేవారు అరుదు. అధ్యాపకురాలి చరిత్ర తిరుగులేనిది, అయితే వెళ్ళరాదన్న ఆమె ముగింపు ఆ చరిత్ర నుంచి రాదు. చివరకు ఆమె కూడా దానిని పట్టుకొని కూర్చోలేదు. ఇద్దరూ కలిసి చేరిన చోటు ఇది: వెళ్ళడం తప్పు కాదు, ఎవరి నేల మీద నిలబడి ఎంత దగ్గరగా చూస్తున్నామో అడగకుండా వెళ్ళడం తప్పు. 2024 జూలై నుంచి రిజర్వు ప్రవేశ రుసుము రద్దీ నెలల్లో విదేశీయులకు రోజుకు 200 డాలర్లు, అది కూడా 12 గంటలకే చెల్లుతుంది. అంత చెల్లించినవాడు సింహాన్ని తాకినంత దగ్గరగా చూపమని డ్రైవరును తొందరపెట్టడం సహజం, చీతా పిల్లలకు చేటు కూడా అక్కడే మొదలవుతుంది.

కాబట్టి ఆగస్టు మంద కోసం హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో టికెట్లు కొనదలచినవారు, బస చేసే గుడారం కన్సర్వెన్సీ నేలలో ఉందా, ఉంటే భూయజమానులకు కౌలు నెలనెలా అందుతున్నదా అని డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా అడగాలి. అక్కడ దిగాక, జంతువుకు దగ్గరగా పోకపోయినా బక్షీసు తగ్గదని డ్రైవరుకు మొదటి రోజే చెప్పాలి.